ఎడమచేతి అతుకు

పోయిన వారం గురువారం పొద్దున ఏడు గంటల ఇరవై నిమిషాలకు, ఎమ్మిగనూరులో మా చెల్లెలి ఇంట్లో నేను పాలు పొయ్యిమీద పెట్టి నిలబడి ఉండగా, ఆదోని నుంచి మా మరిది ఫోన్ చేసి కారు కప్పు మళ్ళీ కారుతోందని చెప్పాడు. మళ్ళీ అంటే మూడోసారి. ముందురోజు సాయంత్రం అక్కడ ఓ పావుగంట వాన పడిందట, స్టీరింగు ముందు కూర్చున్న యజమాని మోకాలి మీద చుక్క పడిందట, ఆయన నేరుగా కారు తెచ్చి షెడ్డు ముందర నిలిపి, తాళంచెవి మా మరిది చేతిలో పెట్టి, ఆటో ఎక్కి వెళ్ళిపోయాడట.

ఆ యజమాని ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే నలభై ఏళ్ళ మనిషి. కారు ఆయన తాతగారిది, నల్లటి పాత అంబాసిడర్. ఏళ్ళ తరబడి గోదాములో బస్తాల పక్కన పడి ఉన్నదాన్ని మళ్ళీ రోడ్డు మీదికి తేవాలని ముచ్చటపడి, పోయిన ఏడాది మా షెడ్డుకు తోలుకొచ్చాడు. షెడ్డు మా ఆయనా, ఆయన తమ్ముడూ కలిసి నడిపినది. కప్పు పని మా ఆయన మొదలుపెట్టాడు. కార్తీకంలో ఆయన పోయాడు, నేను మా చెల్లెలి దగ్గరికి వచ్చేశాను. మిగిలిన పనంతా మా మరిది చేసి, ఉగాదికి కారు అప్పగించాడు. వేసవిలో పడిన రెండు గాలివానలకూ రెండుసార్లు కారింది, రెండుసార్లూ మూసి పంపాడు.

అంతవరకు నేను ఓర్చుకునే విన్నాను. ఆ తరువాత మా మరిది అన్న మాటకు, పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా చూసుకోలేదు.

“నన్నేం జెయ్యమంటావు వదినా? అతుకులు అన్న మూసినవి. నేను రంగే గదా ఏసింది. అదే మాట చెప్పినా ఆయప్పకు.”

చనిపోయి ఏడు నెలలైన మనిషి మీద తప్పు వేసి, పైగా ఆ సంగతి పొద్దున్నే ఫోన్ చేసి మరీ నాకు చెబుతున్నాడు. మా ఆయన జీవితంలో సంపాదించుకున్నది ఏదైనా ఉంటే అది ఒకే ఒక్క పేరు, ఆయన మూసిన కప్పు కారదని. గోనెగండ్ల నుంచి, కోసిగి నుంచి, అటు కృష్ణగిరి నుంచి కూడా ఆ మాట విని కార్లు తోలుకొచ్చేవాళ్ళు. పొగరుబోతని, మాట తిన్నగా రాదని, చెప్పిన రోజుకు బండి ఇవ్వడని ఆయన గురించి అందరూ అనేవాళ్ళు, అవన్నీ నిజాలే, నేనూ అన్నాను. ఆ పేరు వచ్చాక, కారిందని మాత్రం ఎవరూ అనలేదు. ఇప్పుడు ఆ ఒక్కటీ కూడా పోయేటట్టుంది. ఎనిమిదిన్నర బస్సుకు నేను ఆదోని బయలుదేరాను. ఆ అతుకు ఎవరి చేతిదో విప్పి చూస్తే తెలుస్తుంది, చూసి ఆ పత్తి వ్యాపారికి నేనే చెప్పి వస్తానని మా చెల్లెలితో అన్నాను. మోకాళ్ళ నొప్పులతో ఆ బస్సులో ఎందుకని ఆమె విసుక్కుంది. ఆమె విసుగులో న్యాయం ఉంది.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ మా పెళ్ళైన మొదటి ఏడాదే గుర్తొచ్చింది. మన తరం వాళ్ళకు మట్టి మిద్దెల సంగతి వివరించనక్కర లేదు. వానలకు ముందు చౌడుమట్టి తెచ్చి మిద్దెమీద పరిచి, కాళ్ళతో తొక్కి, చదును చేయని ఇళ్ళు మా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో ఎక్కువ లేవు. ఇంత చేసినా లోపల ఎక్కడో ఒక చుక్క పడేది, పడిన చోటును కింద నుంచి కట్టెతో పొడిచి చూపిస్తే, పైనున్నవాళ్ళు సరిగ్గా ఆ చోట గంపెడు చౌడు పోసి తొక్కేవాళ్ళు, అంతటితో చుక్క నిలిచిపోయేది. మా వైపు మగవాళ్ళందరికీ వాన గురించి తెలిసిన శాస్త్రం అంతే. చుక్క ఎక్కడ పడితే దాని నెత్తిమీద మూయాలి.

మా ఆయన ఆ శాస్త్రాన్నే కారుకూ పట్టించాడు. షెడ్డు పెట్టిన కొత్తలో గోనెగండ్ల రైతు ఒకాయన పాత కారు తెచ్చి కప్పు బాగుచేయమంటే, చుక్క పడిన చోటల్లా దాని పైన లప్పం పట్టించి, ఎండాక రుద్ది, రంగు వేసి ఇచ్చాడు. వారానికి కారు తిరిగొచ్చింది. ఇంకోచోట పడుతోందట. అక్కడా మూశాడు. నాలుగోసారి ఆ రైతు దిగి, తలపాగా విప్పి తుడుచుకుంటూ, “ఏమప్పా, నీ దగ్గరికి రాకముందు ఒక కంతే ఉండె గదా,” అన్నాడట. ఆ మాట మా ఆయన నాకు చెప్పలేదు. మా మరిదే చెప్పాడు, నవ్వి నవ్వి.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. మరునాడు కప్పు లోపలి గుడ్డ విప్పేసి, రోజంతా ఆ ఇనుమును చూస్తూ కూర్చుని, చివరికి కనుక్కున్నాడు. కారు కప్పు మిద్దెలాంటిది కాదు. కప్పు రేకు, పక్క రేకు కలిసే చోట అంచు పొడుగునా ఒక సన్నటి కాలువ ఉంటుంది, వాననీళ్ళు దాంట్లో పడి జారిపోతాయి. ఆ కాలువ అడుగున ఉండే అతుకు తుప్పుపట్టి చీలితే నీళ్ళు అక్కడ దూరి, లోపలి గుడ్డను నిలబెట్టే కమ్మీల వెంబడి మూరెడో బారెడో ప్రయాణం చేసి, తమకు తోచిన చోట చుక్కగా రాలతాయి. దూరేది ఒకచోట, పడేది మరొకచోట. అది తెలుసుకున్నాక ఆయన ఇంకెప్పుడూ అతుకులో లప్పం పెట్టలేదు. లప్పం ఎండి రాయిలా అవుతుంది, కారు ఒక గుంతలో దిగితే చాలు, చీలుతుంది.

ఆ తరువాత ఆయన పద్ధతి ఇది. అతుకులోని పాతదంతా ఇనుము తెల్లగా కనబడేవరకు గీకాలి. థిన్నరు గుడ్డతో తుడవాలి. ఎర్ర ప్రైమరు వేసి ఒక రోజంతా ఆరనివ్వాలి, యజమాని వచ్చి ఎదురుగా కూర్చున్నా సరే. అప్పుడు, గట్టిపడని మెత్తటి సీలెంటు తాడులా సాగదీసి వేసి, సబ్బునీళ్ళలో వేలు ముంచి దాన్ని నొక్కుకుంటూ పోవాలి. ఆయనది ఎడమచేతి వాటం. అన్నం తినేటప్పుడు చిన్నప్పుడే వాళ్ళ అమ్మ కొట్టి కుడిచేతికి మార్చింది గాని, పనిలో ఎవరూ మార్చలేకపోయారు. ఎడమచేతి చూపుడువేలితో నొక్కుతూ జానెడు జానెడుకు వేలు ఎత్తేవాడు, ఎత్తిన చోట చిన్న తోకలాంటి గుర్తు మిగిలేది, ఆ తోక అందరికీ పోయే దిక్కుకు వ్యతిరేకంగా పోయేది. రంగు కింద పడిపోయే ఆ తోకలను ఆయనా నేనూ తప్ప ఎవరూ చూసి ఉండరు. కింద ఇనుము ఉందని వేలికి తెలియాలి గాని, ఇనుము వేలికి తగలకూడదు, తగిలితే మూసినట్టు కాదు, తుడిచినట్టు అనేవాడు. ఆయన పని గురించి నాతో అన్న మాటల్లో పొడుగైనది అదే.

నేను ఆ పనిలోకి ఎట్లా వచ్చానంటే, ఒకనాడు మధ్యాహ్నం క్యారియర్ ఇచ్చి రావడానికి పోయాను. కప్పు మూసి నీళ్ళు పోసి చూడాలి, లోపల కూర్చుని ఎక్కడ పడుతుందో చెప్పే మనిషి లేడు. ఎక్కమన్నాడు. ఎక్కాను. అద్దాలు పైకెత్తించి తలుపులు వేశాడు. ఎండాకాలం ఆదోనిలో, నాలుగు అద్దాలూ మూసిన కారులో, పెళ్ళైన తొమ్మిదో నెలలో నేను కూర్చున్నాను. ఆయన చెంబుతో కాలువ కింది భాగాన మొదట పోసి, ఆగి, ఇంకొంచెం పైన పోసి, ఆగి, అట్లా కింద నుంచి పైకి వచ్చేవాడు. ఒక్కసారే నెత్తిన కుమ్మరిస్తే అంతా తడుస్తుంది గాని దొంగ ఎక్కడున్నాడో తెలియదు. అట్లా ఆగడం ఎంతసేపంటే, మరుసటిసారి నుంచి శాఖా గ్రంథాలయం పుస్తకం ఒకటి సంచిలో పెట్టుకుని పోవడం మొదలుపెట్టాను. నేను చదివిన నవలల్లో ముప్పాతిక వంతు ఆ షెడ్డులో, ఇంకొకరి కార్లలో, చెమటతో తడిసి చదివినవే.

“ఏమే, పడిందా?”

“పడలేదు.”

“ఆ పుస్తకం మూసి చెప్పు.”

ఆదోనిలో నీళ్ళ కరువు ఎప్పుడూ ఉన్నదే. కొళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ వస్తే. ఎదురింటి ఆమె బిందె చంకన పెట్టుకుని మా షెడ్డు ముందు నిలబడి, ఊరందరికీ వినబడేట్టు, “తాగను నీళ్ళు ల్యాక మేము సస్తాంటే, ఈయప్ప కారుకు తానం పోస్తాండాడు, పెండ్లాన్ని లోపల పెట్టి మరీ,” అనేది. అద్దాలు మూసి ఉన్నా నాకు ప్రతి అక్షరం వినబడేది. ఆయనకు ఏమీ వినబడేది కాదు. నిజానికి కప్పు నుంచి జారిన నీళ్ళను నాలుగు మూలలా టబ్బులు పెట్టి పట్టి, ఆ నీళ్ళే మళ్ళీ పోసేవాడు. ఆమెకు ఆ సంగతి చెప్పమంటే, చూస్తే కనబడదా అన్నాడు. ఆయనతో వచ్చిన చిక్కు అదే, ఏదీ చెప్పడు, కనబడదా అంటాడు.

అట్లా ముప్పై ఏళ్ళు. సీలెంటు వేయడం నాకు నేర్పాడు, నొక్కడం మాత్రం చాలాకాలం ఇవ్వలేదు. ఒకసారి జ్వరంతో పడుకుంటే నేనే ఒక కారుకు నొక్కాను. లేచి వచ్చి, వంగి, కాలువ పొడుగునా చూసి, ఏమీ అనకుండా రంగు కలపడానికి పోయాడు. నాకు అంతకంటే మెప్పు ఆయన దగ్గర దొరకలేదు, దొరుకుతుందని అనుకోనూ లేదు. తరువాత మోకాళ్ళు మొరాయించి నేను షెడ్డుకు పోవడం మానేశాను. కొత్త కార్లకు ఆ కాలువలే లేవు. ఏడాదికి ఒకటి రెండు పాత కార్లు వచ్చేవి. నీళ్ళు పోసేటప్పుడు లోపల ఎవరు కూర్చుంటున్నారని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు.

షెడ్డు చేరేసరికి పది దాటింది. కారు చూడగానే నాకు ఒళ్ళు మండింది. ముందుసీటుకు సరిగ్గా పైన, రంగు మీదే, ట్యూబు సీలెంటు రెండు దొంతరలుగా పూసి ఉంది.

“ఇది మిద్దె అనుకున్నావాప్పా? చౌడు పోసి తొక్కినట్టు చేసినావే.”

“సుక్క ఆడ పడితే ఆడ మూయక యాడ ముయ్యల్ల వదినా?”

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. అన్న దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి. అన్న వెనక్కి తిరిగి ఏదీ చెప్పి ఉండడు, కనబడదా అని ఉంటాడు, ఈయనకు కనబడి ఉండదు. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ విసుక్కోవాలో తెలియక, అతణ్ణి కారులోకి ఎక్కమని, నేను చెంబు తీసుకున్నాను. లోపల ఉక్క అన్నాడు. కూర్చోమన్నాను. ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. నేను స్టూలు పక్కన పెట్టుకుని, కింద నుంచి మొదలుపెట్టి, పోసి ఆగి, పోసి ఆగి, ముందు వైపు రెండు పక్కలా చూశాను. పొడి. వెనక కుడి మూల పొడి. వెనక ఎడమ మూలలో అర చెంబు పోసి, స్టూలు మీద కూర్చుని చీర కొంగుతో మొహం తుడుచుకుంటుంటే, లోపల నుంచి అరుపు.

“పడింది వదినా, నా ఫోన్ మీదే పడింది.”

కొండ వైపు వీధుల్లో కార్లు ముక్కు కిందికి వాల్చి నిలుపుతారు. మా షెడ్డు వాకిలీ అంతే. వెనక దూరిన నీళ్ళు కమ్మీ పట్టుకుని ముందుకు వచ్చి యజమాని మోకాలి మీద పడుతున్నాయి. మా మరిదిని కొత్త ట్యూబుకూ ప్రైమరుకూ బజారుకు పంపి, బ్లేడు, థిన్నరు గుడ్డ తీసుకుని, ఆ మూల రంగు నేనే గీకాను. ఆయన మూసిన అతుకు అయితే అక్కడ తోకలు కనబడతాయి, మా మరిది ప్లాస్టిక్ బద్దతో నొక్కితే తోకలు ఉండవు. అక్కడ తోకలు ఉండవని నాకు నమ్మకం.

తోకలు ఉన్నాయి. ఎడమచేతివి. జానెడు జానెడుకు, కొలిచి పెట్టినట్టు.

ముందు భాగమంతా ఆయన ఎప్పటి పనే. వెనక మూలకు వచ్చేసరికి రెండు జానల పొడుగున సీలెంటు ఉల్లిపొర మందాన ఉంది, మధ్యమధ్య అదీ లేదు, ఇనుము పైకి తేలి సన్నటి తుప్పు గీత కనబడుతోంది. వేలు ఇనుముకు తగిలేంత గట్టిగా నొక్కుకుంటూ పోయాడు. తగిలిందని ఆయనకు తెలియలేదు.

నేను ఆ స్టూలు మీద కూర్చుని, పోయిన ఏడాది కనబడినవన్నీ ఒక్కొక్కటీ లెక్క సరిపోతుంటే చూస్తూ ఉండిపోయాను. పొయ్యి మీది నుంచి దింపి పోసిన కాఫీ గ్లాసు వట్టి చేత్తో పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు, వెర్రి మొండితనమని తిట్టాను. వేలు తెగి రక్తం తువ్వాలుకు అంటేదాకా చూసుకోలేదు, ధ్యాస ఎక్కడుందన్నాను. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి అంతసేపు పట్టేది, బస్సు పోతుందని వాకిట్లో నిలబడి కేకలు వేశాను. షుగరు ఉన్నవాళ్ళకు పాదాలకు తిమ్మిరి వస్తుందని డాక్టరు చెబితే పాదాలు చూపించాడు. వేళ్ళ సంగతి డాక్టరుకూ చెప్పలేదు, నాకూ చెప్పలేదు. ఆయన చూపుడువేలికి స్పర్శ పోయింది. ముప్పై ఏళ్ళు ఆ వేలితో బతికినవాడు, అది పోయిందని ఇంట్లో ఒక్క మాట అనకుండా ఆ కారు కప్పు నొక్కడానికి పోయాడు. లోపల కూర్చోవడానికి కూడా నన్ను పిలవలేదు.

మనిషి పోయాక ఆయన వస్తువులు మనతో మాట్లాడతాయని పుస్తకాల్లో రాస్తారు. అది నాకు ఎప్పుడూ నచ్చలేదు. ఆ రెండు జానల ఇనుము చూసి నాకు ఏడుపు కూడా రాలేదు. విసుగొచ్చింది. చెప్పి ఉంటే నేను పోయి నొక్కేదాన్ని కదా. మోకాళ్ళదేముంది, మోకాళ్ళతో నొక్కరు కదా. ఆ రోజు ఆయన ఎదురుగా ఉంటే పెద్ద గొడవ అయ్యేది.

మా మరిది ఇంకా రాలేదు. థిన్నరు గుడ్డతో ఒక్కసారి తుడిస్తే తోకలన్నీ పోతాయి, తరువాత ఎవరిదంటే వాళ్ళది అవుతుంది. గుడ్డ చేతిలోనే ఉంది. అతను వచ్చేవరకు నేను తుడవలేదు.

“చూడప్పా,” అన్నాను.

అతను వంగి చాలాసేపు చూశాడు. “అన్న నొక్కిందేనా ఇది?”

“ఆయనదే. వేలికి తెలియడం మానేసినట్టుంది. నీకేమైనా చెప్పినాడా?”

“నాకు జెప్పేదా వదినా. చెప్పితే అన్న ఎట్లయితాడు.”

అప్పుడు గాని మాకిద్దరికీ కొంచెం నవ్వు రాలేదు.

సాయంత్రానికల్లా పూర్తి చేసి ఇస్తానని మా మరిది యజమానికి ముందే మాట ఇచ్చి కూర్చున్నాడు. ప్రైమరు ఆరడానికి ఒక రోజు పడుతుందన్నాను. ఈ కాలంలో గంటలో ఆరేవి వచ్చినాయన్నాడు. అయితే నేను ఎమ్మిగనూరుకు పోతానన్నాను. దాంతో ఊరుకున్నాడు. వాళ్ళ ఇంట్లోనే నాలుగు రాత్రులున్నాను. శుక్రవారం ప్రైమరు ఆరింది. శనివారం పొద్దున సీలెంటు వేసి, సబ్బునీళ్ళలో వేలు ముంచి నేను నొక్కాను. నా తోకలు అందరిలాగే పోతాయి. అది పైన పొర కట్టేదాకా ఆగి, మధ్యాహ్నం రంగు వేయనిచ్చాను, ఆగకుండా వేస్తే రంగు పగులుతుందని నాలుగుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆదివారం మళ్ళీ నీళ్ళు పోశాను. ఈసారి ఫోన్ జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. నాలుగు మూలలా పొడి.

యజమాని సాయంత్రం వచ్చాడు. మా మరిది నోరు తెరిచేలోపు నేను చెప్పేశాను. కారింది మా ఆయన మూసిన చోటే, ఆయన వేళ్ళకు స్పర్శ పోయింది, మాకు తెలియలేదు, విప్పి మళ్ళీ చేశాం, ఇక కారదు. బస్సులో కూడబలుక్కుని వచ్చిన మాటలు వేరు, చెప్పినవి ఇవి. యజమాని కప్పు చుట్టూ ఒకసారి తిరిగి, వంగి చూసి, లేచాడు.

“దాందేముందమ్మా, పోయినాయప్ప గురించి ఇప్పుడెందుకు. ఈ మూల రంగు పక్కదాంట్లో కలిసిందా? ఎండలో పెడితే తేడా తెలుస్తాదేమో గదా?”

తెలియదని మా మరిది హామీ ఇచ్చాడు. ఆయన కారు ఎక్కి వెళ్ళిపోయాడు. చేసింది ఎవరు, చెడింది ఎందుకు అన్నది ఆయనకు అక్కర్లేని సంగతి. మూడు రోజులు నేను గుండెల మీద మోసినదాన్ని ఆయన రంగు చూసినంతసేపు కూడా చూడలేదు.

కారు మలుపు తిరిగాక మా మరిది టబ్బుల్లోని నీళ్ళు పారబోస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు. “ఎందుకు చెప్పినావు వదినా? నాదే తప్పని చెప్పల్లనుకుంటి. అన్న పేరు ఉండిపోయేది.”

“ఆ బుద్ధి గురువారం పొద్దున ఉండాల్సింది,” అన్నాను. నిజానికి అతని మీద కోపం లేదు. ఉన్న కోపం తీసుకునే మనిషి అక్కడ లేడు.

సోమవారం బస్సులో తిరిగి వచ్చాను. ఆయన పేరు నిలబెట్టడానికి పోయినదాన్ని, నా నోటితోనే ఆయన తప్పు చెప్పి వచ్చాను, అది కూడా వినాలని లేని మనిషికి. ఎందుకు చెప్పావని మా చెల్లెలూ అడిగింది. ఆ రెండు జానలు ఇంకొకరివని చెబితే, మిగిలిన ముప్పై ఏళ్ళ అతుకులు కూడా ఎవరివైనా కావచ్చు అనిపించింది. ఆమెకు అది అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను, వంటింట్లో పని చూసుకోమంది.

మా మరిది ఇంకో పాత కారు ఒప్పుకున్నాడట. దీన్ని కూడా విప్పి చేస్తావా అని ఫోన్‌లో అడిగితే, అంత ఓపిక యజమానులకు లేదు వదినా అన్నాడు. అతని మాటా నిజమే. మూడు రోజులు కారు వదిలిపెట్టి పోయేవాళ్ళు లేరు, నీళ్ళు పోస్తుంటే లోపల కూర్చునే వాళ్ళూ లేరు. ఇప్పుడు ఆదోనిలో కప్పు అతుకు విప్పరు. దాని మీదే రంగు వేసి ఇచ్చేస్తారు.